దారి చెప్పడంలో తేనెటీగ మేలా, మనం మేలా?

మనల్ని దారి అడిగితే "కొంచెం ముందుకెళ్లి లెఫ్ట్ తీసుకోండి, అక్కడ ఎవర్నడిగినా చెప్తారు" అంటాం. ఆ కొంచెం వంద మీటర్లా, రెండు కిలోమీటర్లా అనేది దేవుడికే తెలియాలి.

తేనెటీగ అలా కాదు. పూలు చూసొచ్చాక, మిగతా ఈగలకి దారి చెప్పడానికి చీకటి గూట్లో, నిలువుగా ఉన్న తేనెపట్టు మీద పొట్ట ఊపుతూ తిన్నగా కాస్త నడిచి, చుట్టు తిరిగి మొదటికొచ్చి మళ్లీ అదే నడక నడుస్తుంది, అదే దాని ఆట. నిట్టనిలువుగా పైకి నడిస్తే సూర్యుడున్న వైపు ఎగరమని, 40 డిగ్రీలు కుడికి వాలితే సూర్యుడికి 40 డిగ్రీలు కుడిగా వెళ్లమని. ఊపుడు ఎంత ఎక్కువసేపు సాగితే పూలు అంత దూరం. దీని గుట్టు విప్పిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973 నోబెల్‌లో వాటా దక్కింది. ఈ ఒక్క పనిలో నా ఓటు తేనెటీగకే.

కానీ ఆయనే గూడుని ఒక రేడియో టవర్ కింద పెట్టి, చక్కెర నీళ్లు టవర్ పైన పెట్టి చూశాడు. రుచి చూసొచ్చినవి బాగానే ఆడాయి, పాపం మిగతావి మాత్రం కిందే చుట్టుపక్కల వెతుక్కున్నాయి. ఎత్తు చెప్పే అడుగు వాటి ఆటలో లేదు. మనకైతే "పైకెక్కు" అంటే సరిపోయేది.

కెన్యాలోని వెర్వెట్ కోతులు ఇంకాస్త నయం, చిరుతకో అరుపు, గద్దకో అరుపు, పాముకో అరుపు. చిరుత అరుపు వింటే చెట్టెక్కుతాయి, పాము అరుపు వింటే రెండు కాళ్ల మీద లేచి గడ్డిలోకి చూస్తాయి. అయితే "నిన్నొచ్చిన చిరుత ఇవాళ రాలేదు" అని ఆ అరుపులతో చెప్పుకోలేవు, మన రెండేళ్ల పిల్ల మాత్రం "కుక్క పోయింది" అనేస్తుంది.