రాతి గోడా, మట్టి గోడా?

బ్రిటన్‌లో రోమన్లు కట్టిన సరిహద్దు గోడలు రెండు. ఒక్కటే చూసే వీలుంటే చాలామంది హేడ్రియన్ గోడకే ఓటేస్తారు. సా.శ. 122లో మొదలైన ఈ కట్టడం ఇంగ్లండ్ ఉత్తర భాగాన ఒక తీరం నుంచి మరో తీరం దాకా సుమారు 117 కిలోమీటర్లు సాగుతుంది. కొండ అంచుల మీద రాతి వరుసలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. దగ్గర్లోనే విందోలాండా కోట. అక్కడి తడి మట్టి, పల్చటి చెక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలను కాపాడింది. ఒక అధికారి భార్య తన స్నేహితురాలిని పుట్టినరోజుకు పిలిచిన లేఖ కూడా వాటిలో ఉంది. (ఆ లేఖ గోడకంటే పాతది, అది వేరే సంగతి.)

ఆంటోనైన్ గోడ స్కాట్లండ్‌లో ఉంది. 142 ప్రాంతంలో మొదలైంది, పొడవు 60 కిలోమీటర్ల పైచిలుకు. రాతి పునాది మీద పచ్చిక గడ్డలు పేర్చి లేపినది కాబట్టి చాలాచోట్ల కనిపించేది కందకమే. ఇరవై ఏళ్లు గడిచాయో లేదో, సైన్యం పాత గోడ దగ్గరికే వెనుదిరిగింది.

అయినా నా మొగ్గు దీనివైపే. ఎవరెంత దూరం కట్టారో దళాలు గొప్పగా చెక్కించుకున్న ఫలకాలు గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద ఎరుపు, పసుపు రంగుల జాడలు బయటపడ్డాయి. ఇక బేర్స్‌డెన్ కోటలో మరుగుదొడ్డి మురుగు చేరిన కందకపు మట్టిని పరిశీలిస్తే, సైనికుల తిండిలో గోధుమలదే పెద్ద వాటా అని తేలింది.