కమల్ హాసనా, మమ్ముట్టియా: పోలిక ఎక్కడ పెట్టాలి?

తిరుపతి, చిత్తూరుల్లో ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప నటుడన్న వాదన తేలకపోవడానికి కారణం ఒకటుంది. తమిళం వినగలిగేవాళ్లు కమల్‌ను సొంత గొంతుతో విని ఉంటారు, మమ్ముట్టిని మాత్రం ఎక్కువగా డబ్బింగ్‌లోనే చూసి ఉంటారు. అరువు గొంతు పెట్టాక సగం నటన పోయినట్టే. అవార్డులూ తేల్చవు: ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం ఇద్దరికీ మూడేసి సార్లు వచ్చింది.

అందుకే కె. విశ్వనాథ్ తీసిన నేరు తెలుగు సినిమాలు రెండు తీసుకోండి: 'సాగర సంగమం' (1983), 'స్వాతి కిరణం' (1992). మొదట శబ్దం తీసేసి చూడండి.

కమల్ బలం ఒళ్లంతా ఉంటుంది. 'సాగర సంగమం'లో తాగిన బాలుగా బావి గట్టు మీద ఆడేటప్పుడు అడుగు తూలుతుంది, తాళం మాత్రం తప్పదు. ఆ రెండూ ఒకే ఒంట్లో చూపించడం మహా కష్టం. అదే కమల్ 'దశావతారం' (2008)లో పది వేషాలు వేస్తే, కొన్నింట్లో మందపాటి మేకప్ కింద ముఖ కండరాలే కదలవు. అక్కడ కష్టం కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

మమ్ముట్టి దాదాపు కదలడు. 'స్వాతి కిరణం'లో శిష్యుడి పాట చెవిన పడగానే అతని పాత్ర అనంతరామ శర్మ మెడ బిగుస్తుంది, చూపు పక్కకు జారుతుంది. అసూయను ఇంత నిండుగా చూపిన నటన తెలుగులో చాలా అరుదు. ఆటపాటల్లో, వైవిధ్యంలో కమల్‌దే పైచేయి. దాచుకున్న మనసును చూపడంలో మమ్ముట్టికే ఓటు.

ఇప్పుడు శబ్దం పెట్టి 'యాత్ర' (2019) చూడండి. అందులో మమ్ముట్టి తెలుగు డబ్బింగ్ తనే చెప్పుకున్నాడు.