పాటల పోటీలో ప్రేక్షకుల ఓటు: ఒక వినియోగదారుడి సమీక్ష
ఒక తెలుగు పాటల పోటీకి ఈ సీజన్ అంతా యాప్‌లో ఓట్లు వేసిన ప్రేక్షకుడిగా, గాయకుల ప్రతిభ గురించి కాక ఆ ఓటింగ్ సేవ గురించే రాస్తున్నాను. ఓటు వేయడం తేలిక, ఖర్చు లేదు. అయితే ఒక్కో ఖాతా నుంచి వారానికి 50 ఓట్లు ఒకరికే గుమ్మరించవచ్చు. నాలుగు ఫోన్లున్న మా ఇంటికి 200 ఓట్లు దక్కితే, ఒక్క ఫోనున్న పక్కింటి పెద్దావిడకు దక్కినవి 50. ఫలితం ప్రకటించిన రాత్రి తెర మీద ప్రాయోజకుల పేర్లు పెద్దక్షరాల్లో కనిపించాయి కానీ, ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చెప్పే అంకె ఒక్కటీ కనిపించలేదు.

ఇది చిన్న లోపం కాదు. 2009లో అమెరికా టీవీ పాటల పోటీ అమెరికన్ ఐడల్ తుది పోటీ రాత్రి, ఆ కార్యక్రమ ప్రాయోజకుల్లో ఒకటైన ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఉద్యోగులు ఆర్కన్సా రాష్ట్రంలో పోటీదారు క్రిస్ అలెన్ అభిమానుల సభలకు ఫోన్లు తెచ్చి, ఉచితంగా మెసేజ్‌లు పంపనిచ్చి, ఒక్క మీట నొక్కి పదేసి ఓట్లు వేసే పద్ధతి కూడా నేర్పారు. అలెన్ గెలిచాడు. దానివల్ల ఫలితం మారలేదని ఆ పోటీని ప్రసారం చేసిన ఫాక్స్ ఛానల్ చెప్పింది. అది నిజమే కావచ్చు, కానీ అంకెలు బయటపెట్టనప్పుడు ఆ మాటను సరిచూసుకునే దారి ప్రేక్షకుడికి ఎక్కడుంది?

ఒక నంబరుకు ఒకే ఓటు, స్వతంత్ర ఆడిటరు ధ్రువీకరించిన లెక్కలు, ఈ రెండూ వచ్చేదాకా ఈ సేవకు నేనిచ్చేది ఐదింట రెండు నక్షత్రాలే.