లేసులు బిగించే యాంకిల్ బ్రేస్: మా వాలీబాల్ అమ్మాయిలు వాడుతున్నది

మెడికల్ షాపుల్లో రెండు మూడు వందలకు దొరికే సాక్సు లాంటి యాంకిల్ సపోర్ట్‌నూ, చీలమండ బెణకకుండా బూటులా లేసులు బిగించి కట్టుకునే ఈ బ్రేస్‌నూ దయచేసి ఒకే గాటన కట్టకండి. మొదటిది కాలికి పట్టుగా, వెచ్చగా ఉంటుంది, అంతే. పాదం పక్కకు మడత పడబోతే ఆపే బలం ఆ సాగే గుడ్డకు లేదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఆడపిల్లల వాలీబాల్ టీమును చూసుకుంటాను. నెట్ దగ్గర ఆడే అమ్మాయిలకు పోయిన సీజన్ నుంచి లేసుల బ్రేసే వేయిస్తున్నాను.

వాలీబాల్‌లో కాలు ఎక్కడ బెణుకుతుందో ఆడినవాళ్లందరికీ తెలుసు. స్మాష్ కొట్టి దిగేటప్పుడో, బ్లాక్ చేసి దిగేటప్పుడో నెట్ కింద అవతలి అమ్మాయి పాదం మీద మన పాదం పడుతుంది. అరికాలు లోపలికి తిరిగిపోయి, బరువంతా చీలమండ బయటి వైపు పడుతుంది. అక్కడ ముందు భాగంలో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటే ఎక్కువగా దెబ్బతినేది. కాసేపట్లోనే వాపు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పాదం నీలంగా కమిలిపోతుంది. ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. సాగిన లిగమెంట్ ఒక కారణమైతే, పాదం ఏ వాలులో ఉందో పసిగట్టే శక్తి మందగించడం ఇంకో కారణం. అందుకే డబ్బులు తక్కువగా ఉంటే, ముందు పాత బెణుకు ఉన్న పిల్లలకే కొనండి.

మేం కొన్నది నల్ల నైలాన్‌ది, ఒక్కో కాలికి పదకొండు వందల దాకా పడింది. ముందు బూటుకున్నట్టే లేసులు, నాలుక ఉంటాయి. రెండు పక్కల నుంచి రెండు పట్టీలు పాదం కిందుగా వెళ్లి, 8 అంకె ఆకారంలో మడమను చుట్టి, పైన వెల్క్రోకు అంటుకుంటాయి. ఫలితమంతా కట్టడంలోనే ఉంది. సాక్సు వేసుకుని కూర్చుని, మడమ నేలకు ఆనించి, వేళ్లను పైకి లాగిపెట్టి, కింది నుంచి పైకి ఒక్కో వరుసా బిగించుకుంటూ రావాలి. పాదం వేలాడేసి కట్టుకుంటే నిలబడేసరికే వదులైపోతుంది.

దీని విలువ నాకు జోనల్ మ్యాచ్‌లో తెలిసింది. అంతకుముందు కుడికాలు బెణికి ఆటకు దూరమైన తొమ్మిదో తరగతి అమ్మాయి, బ్లాక్ చేసి సరిగ్గా ఎదుటి అమ్మాయి బూటు మీదే దిగింది. నా గుండె గుభేలుమంది. బ్రేస్ విప్పి చూస్తే పట్టీ బిగుసుకున్న చోట ఎర్రటి గీత ఉంది, వాపు లేదు. ఒంటికాలి మీద నిలబెట్టి, గెంతించి, నొప్పి లేదని రూఢి చేసుకున్నాకే కోర్టులోకి పంపాను.

టేపింగ్, అంటే చీలమండ చుట్టూ అంటుకునే టేపు చుట్టడం, కూడా మంచిదే. కానీ చేతనైనవాళ్లు చుట్టాలి, ప్రతి మ్యాచ్‌కూ కొత్త టేపు కావాలి, ఆడుతూ ఉంటే అరగంటలోనే పట్టు చాలావరకు సడలిపోతుంది. బ్రేస్‌ను టైమవుట్‌లో పిల్లలే మళ్లీ బిగించుకుంటారు. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లలపై చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, లేసుల బ్రేస్ వేసుకున్నవాళ్లలో చీలమండ గాయాలు బాగా తగ్గాయి. తగిలిన గాయాల తీవ్రత మాత్రం తగ్గలేదు. కాబట్టి బ్రేస్ ఉందన్న ధీమాతో కసరత్తు మానకూడదు. మా పిల్లలు రోజూ ఒంటికాలి మీద నిలబడి గోడకు బంతి కొడతారు.

అన్ని నొప్పులకూ ఇది మందు కాదు. పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, విశ్రాంతితోనే తగ్గాలి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన పి.వి. సింధు, ఎడమ కాలికి వచ్చిన స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్లే ఆ నెల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. అలాగే అప్పుడే తగిలిన దెబ్బ మీద బ్రేస్ బిగించి ఆడించకండి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచున గానీ, పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. చింతపండు పట్టు వేసి, కాలు లాగించి చూద్దామని ఆగొద్దు.

ఆడపిల్లల సంగతి ఇంకోటుంది. కాలు వాచిందని ఇంట్లో తెలిస్తే ఆట మానిపిస్తారని నొప్పి దాచుకుంటారు. సాక్సు విప్పమంటే తలవంచుకునే పిల్లలను చూస్తూనే ఉన్నాను. ఒక్క బెణుకుతో ఆ పిల్ల ఆట అక్కడితో ఆగిపోకూడదనే నా తాపత్రయమంతా. అందుకే పదకొండు వందలు నాకు ఎక్కువ అనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. మాది మట్టి గ్రౌండ్. దుమ్ము పట్టి కొన్ని నెలలకే వెల్క్రో అంటుకోవడం తగ్గింది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే కాస్త నయం. ఎండాకాలం లోపల చెమట పట్టి వాసన వస్తుంది. చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. మామూలు బూట్లలో ఇరుకవుతుంది, లోపలి అట్ట తీసేస్తే సరిపోయింది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది సైజు. ఏడు, ఎనిమిది తరగతుల సన్నటి కాళ్లకు అన్నిటికన్నా చిన్న సైజు కూడా వదులే. ఆర్డర్ పెట్టేముందు చీలమండ చుట్టుకొలత టేపుతో కొలిచి సైజుల పట్టికతో సరిచూసుకోండి, వాపు ఉన్న కాలును మాత్రం కొలవొద్దు.