కూలింగ్ వెస్ట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

నిన్న రాత్రి వాళ్ళ చివరి మెసేజ్ వచ్చింది. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే వరస తప్పినా రాసేస్తున్నా. ఎండలో బైక్ మీద వెళ్తున్నా ఒళ్ళు చల్లగా ఉంచుతుందని ఒక వెస్ట్ అమ్ముతున్నారు కదా, ఆ రైడింగ్ గేర్ వాళ్ళ గురించే. ఆ ప్రకటన మీలో చాలామందికి కనిపించే ఉంటుంది.

నేను కొన్నది ఒకే ఒక్క మాట చూసి. "ఫేజ్ ఛేంజ్ ప్యాక్‌లు" అని పెద్ద అక్షరాల్లో రాశారు. అలాంటి ప్యాక్‌లో ఉండే పదార్థం ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కరుగుతూ ఒంటి వేడిని లాక్కుంటుంది. గాలిలో తేమ ఎంత ఉన్నా, కరగడం పూర్తయ్యేదాకా పని చేస్తుంది. నేను వెళ్ళే దారిలో ఉక్కపోత ఎక్కువ, నాకు కావలసింది అదే.

వచ్చినదాంట్లో ప్యాక్‌లు లేవు. పరుపులా కుట్టిన బట్ట, లోపల నీళ్ళు పీల్చి ఉబ్బే పూసలు, పిల్లల డైపర్లలో వాడే రకం. చాట్‌లో అడిగితే "ప్యాక్‌లు లోపలే కుట్టేశాం సార్, కాగితంలో చెప్పినట్టు నీళ్ళలో ముంచి వేసుకోండి" అన్నారు. నమ్మాను. ఆ రోజే ఒక కుట్టు విప్పి చూసి, తడపకుండా తిప్పి పంపేయాల్సింది. ఆ తప్పు నాదే, దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నా.

తడిపి వేసుకునే వెస్ట్ చెడ్డదని నేను అనడం లేదు. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది, పొడి గాలిలో, గాలి బాగా ఆడే మెష్ జాకెట్ కింద అది నిజంగా హాయినిస్తుంది. కానీ గాలే తేమతో నిండి ఉంటే నీరు ఆవిరవదు. ఆ రోజు 36 డిగ్రీలు, విపరీతమైన ఉక్క. పావుగంటకే వెస్ట్ గోరువెచ్చగా అయిపోయి, బరువుగా ఛాతీకి అతుక్కుంది, నా చెమట కూడా ఆరనివ్వలేదు. నలభై నిమిషాలకి తల తిరిగింది, వాంతి వచ్చేలా అనిపించింది, క్లచ్ పట్టుకుని కూడా ఏ గేర్‌లో ఉన్నానో తెలియలేదు. ఎలాగో పక్కకి ఆపి, చెట్టు కింద అన్నీ విప్పేసి నెత్తిన నీళ్ళు పోసుకుని కూర్చున్నా. వెనక లారీ వస్తుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే.

మర్నాడు ఫోన్ చేశా, డబ్బు వెనక్కి ఇమ్మని. అవతలి మనిషి అన్న మాట: "సార్, మీరు దాన్ని తడిపారు. తడిసిన వస్తువు వాపసు తీసుకోం."

తడపకుండా దాన్ని ఎలా వాడాలండీ అని అడిగా. మీ కాగితంలోనే పది నిమిషాలు ముంచమని ఉంది కదా అని చదివి వినిపించా. కాసేపు మౌనం, మళ్ళీ అదే వాక్యం, అదే గొంతుతో. రోడ్డు మీద కళ్ళు తిరిగి పడిపోబోయానని చెప్పా. "ఎండలో బండి నడపడం మీ ఇష్టం సార్, దానికి మా బాధ్యత లేదు" అని లైన్ కట్ చేశారు. ఎలా ఉన్నారు అని ఒక్కమాట అడగలేదు. డబ్బు పోయినందుకంటే ఈ మాటకే నాకు ఎక్కువ మండుతోంది. ఎండలో బండి నడిపేవాళ్ళ కోసమే అని చెప్పి అమ్మిందే వాళ్ళు! గంట తర్వాత చూస్తే ఆ పేజీలో "ఫేజ్ ఛేంజ్" అన్న మాటే తీసేశారు. అదృష్టం, కొన్న రోజు తీసిన స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది. రాత్రి అది పంపిస్తే వచ్చిన జవాబు "కేసు మూసేశాం" అని.

కొనేవాళ్ళు ఇంతమాత్రం చూడండి. నిజమైన ఫేజ్ ఛేంజ్ వెస్ట్‌కి ప్యాక్‌లు విడిగా చేతికి వస్తాయి, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతాయో అంకె రాసి ఉంటుంది, సాధారణంగా రెండు మూడు గంటలు పని చేస్తాయి, తర్వాత మళ్ళీ చల్లబరచాలి. ముంచమన్నారంటే అది ఆవిరి రకమే, ఉక్కపోతలో కొనకండి. తడిపాక వాపసు తీసుకుంటారా లేదా అన్నది కొనకముందే రాతపూర్వకంగా అడగండి.

ఇంకోటి, చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉంటే, ఒంటి మీద తడి ఆవిరైతే తప్ప ఆ గాలి మనల్ని ఇంకా వేడెక్కిస్తుంది, కాబట్టి జాకెట్ విప్పేసి నడపొద్దు. తల తిరిగితే ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకోకుండా అక్కడే ఆపేయండి. మాట తడబడినా, ఎక్కడున్నారో అర్థం కాకపోయినా అది వడదెబ్బ కావచ్చు, పక్కవాళ్ళని పిలిచి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

స్క్రీన్‌షాట్లు, ఆ కాగితం ఫోటో ఉన్నాయి. ఇదే వెస్ట్ కొని మోసపోయినవాళ్ళు ఉంటే చెప్పండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.