జట్టును ఎంచేవారు ఎవరూ లేరు: ఒక కర్లింగ్ క్లబ్ జూనియర్ ప్రోగ్రాంపై మూడు సీజన్ల సమీక్ష

దక్షిణ ఒంటారియోలో మేముండే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక కర్లింగ్ క్లబ్‌లో మా అమ్మాయి మూడు సీజన్లుగా జూనియర్ ప్రోగ్రాంలో ఆడుతోంది. కర్లింగ్ అంటే నలుగురేసి ఉండే రెండు జట్లు మంచు మీద బరువైన రాళ్లను జార్చి, దూరంగా ఉన్న గురి వలయం మధ్యకు చేర్చే ఆట. చేరే ముందు మాకు తెలియనివి, చేరిన తరువాత కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివి చాలా ఉన్నాయి గనుక, పిల్లలను ఈ ఆటలో పెట్టాలనుకునే తెలుగు తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. సౌకర్యాల సంగతి క్లుప్తంగా చెప్పి, ఇక్కడ రాయి పట్టడం నేర్చుకున్న పిల్ల ప్రపంచ జూనియర్ పోటీ దాకా వెళ్లాలంటే దారి ఎలా ఉంటుంది, ఆ దారిలో ఈ క్లబ్ ఎంతవరకు తోడు వస్తుంది అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తాను.

క్లబ్‌లో నాలుగు షీట్లు, అంటే ఆట ఆడే మంచు పట్టీలు, ఉన్నాయి. అక్టోబరు నుంచి మార్చి చివరి దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు జూనియర్లకు మంచు కేటాయిస్తారు. దాదాపు 20 కిలోల బరువుండే మామూలు గ్రానైట్ రాయిని ఏడెనిమిదేళ్ల పిల్లలు నెట్టలేరు కాబట్టి వారికి అందులో సుమారు సగం బరువుండే చిన్న రాళ్లు ఇస్తారు. మంచును రుద్దే బ్రష్, బూటు కింద తగిలించుకునే జారుడు పలకైన స్లైడర్, హెల్మెట్ క్లబ్‌వే వాడుకోవచ్చు. మొదటి ఏడాది మేము సాగే ప్యాంటు, బయట తొక్కని శుభ్రమైన బూట్లు తప్ప మరేమీ కొనలేదు. మంచును చూసుకునే పెద్దాయన మీద నాకు ఎంతో గౌరవం. ఆటకు ముందు ఆయన వీపున నీళ్ల డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, చేతిలోని గొట్టాన్ని అటూ ఇటూ ఊపుతూ సన్నని తుంపర చల్లుతారు; ఆ చుక్కలు గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెల్లా నిలబడితేనే రాయి వాటి మీద సాఫీగా జారుతుంది. పిల్లల ఆటే కదా అని ఆయన ఒక్క ఆదివారం కూడా ఆ పని తప్పించలేదు.

చేరిన తొలి నెలలోనే, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మరో పిల్లవాడి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ప్రావిన్స్ టీముకు సెలక్షన్స్ ఎప్పుడు పెడతారు, ఎవరిని కలవాలి?" అని అడిగారు. నాకూ అదే సందేహం ఉండేది. మన దగ్గర క్రికెట్‌లో పిల్లలు ట్రయల్స్‌కు వెళతారు, సెలక్టర్లు చూస్తారు, ప్రాబబుల్స్ జాబితా వస్తుంది, చివరకు జట్టు పేర్లు ప్రకటిస్తారు. కెనడాలో జూనియర్ కర్లింగ్‌కు అటువంటి జాబితా లేదు. నలుగురు పిల్లలు తామే ఒక జట్టుగా ఏర్పడి, కోచ్‌ను చూసుకుని, పేర్లు నమోదు చేయించుకుని, అర్హత పోటీలు దాటి ప్రావిన్సు పోటీకి, అక్కడ గెలిచి జాతీయ పోటీకి వెళతారు. జాతీయ పోటీలో గెలిచిన జట్టు ఏదో అదే మేపుల్ ఆకు గుర్తున్న చొక్కా వేసుకుని ప్రపంచ పోటీలో దిగుతుంది. దేశంలోని గొప్ప స్కిప్ (జట్టు సారథి) ఒకరిని, గొప్ప లీడ్ (జట్టులో మొదటి రాళ్లు వేసేవారు) ఒకరిని ఏరి కలిపి పంపే పద్ధతి ఇక్కడ లేదు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. బడిలో చదివే అబ్బాయిల కోసం 1950లో క్యూబెక్ సిటీలో మొదలైన జాతీయ పోటీయే దీనికి మూలం. అమ్మాయిల జాతీయ పోటీ 1971లో వచ్చింది, 1987 నుంచి రెండూ ఒకేచోట జరుగుతున్నాయి. జాతీయ సంస్థ కింద పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు, వాటితోపాటు ఉత్తర ఒంటారియో కలిపి 14 సభ్య సంఘాలు ఉన్నాయి. ఉత్తర ఒంటారియో విడిగా ఆడుతుంది కాబట్టి మా ప్రాంతపు పిల్లలు పోటీపడవలసింది దక్షిణాది జట్లతోనే, ఆ పోటీలను కర్ల్‌ఆన్ అనే సంఘం నడుపుతుంది. మైదానంలో తేలిన ఫలితానికి ఈ దేశం ఎంత విలువ ఇస్తుందో నాకు అర్థమైంది మహమ్మారి కాలపు ఉదంతం తెలిసిన తరువాతే. 2021లో పోటీలు రద్దయి, 2022లో స్వీడన్‌లో జరగవలసిన ప్రపంచ జూనియర్ పోటీకి పంపడానికి జాతీయ విజేతలంటూ ఎవరూ లేని స్థితి వచ్చింది. అప్పుడైనా ఒక కమిటీ కూర్చుని పేర్లు రాసి పంపివుండవచ్చు. అలా చేయకుండా 2021 నవంబరులో క్యూబెక్‌లోని సాగెనేలో దానికోసమే ఒక అర్హత పోటీ పెట్టి, అక్కడ గెలిచిన జట్లను పంపారు.

ప్రపంచ జూనియర్ పోటీ అబ్బాయిలకు 1975లో, అమ్మాయిలకు 1988లో మొదలైంది. ఒక్కొక్క విభాగంలో పది జట్లు మాత్రమే ఆడతాయి. అడుగున మిగిలిన దేశాలు మరుసటి సీజన్‌లో కింది అంచె అయిన బి-విభాగంలో ఆడి, అక్కడ మొదటి మూడు స్థానాల్లో నిలిస్తేనే తిరిగి పైకి రాగలవు. వయసు విషయం తల్లిదండ్రులు ముందే లెక్క వేసుకోవాలి. ప్రపంచ పోటీ జరిగే సంవత్సరానికి ముందటి జూన్ 30 నాటికి క్రీడాకారులకు 21 ఏళ్లు నిండి ఉండకూడదు. కెనడాలో ఇప్పుడు జాతీయ విజేతలు మరుసటి సీజన్‌లో ప్రపంచ పోటీకి వెళుతున్నారు గనుక జాతీయ పోటీ వయోపరిమితిని ఒక ఏడాది తగ్గించి దాన్ని అండర్-20గా మార్చారు. 2020లో జనవరిలో బ్రిటిష్ కొలంబియాలోని లాంగ్లీలో గెలిచిన జట్లు ఫిబ్రవరిలోనే రష్యాలోని క్రాస్నోయార్స్క్‌కు వెళ్లి రెండు స్వర్ణాలూ తెచ్చాయి. ఆ వేగం ఇప్పుడు లేదు. జట్టు ఏడాదిపాటు కలిసి సాధన చేసుకునే వ్యవధి దొరుకుతుంది కాబట్టి మార్పు మంచిదేనని నా అభిప్రాయం.

గెలిచినవారే వెళతారన్న నియమం న్యాయమైనదే అయినా, నిజమైన ఎంపిక అంతకు చాలా ముందే, మంచు కరిగిపోయిన ఏప్రిల్, మే నెలల్లో, తల్లిదండ్రుల ఫోన్లలో జరిగిపోతుందని మాకు మూడో ఏడాదికి గానీ అర్థం కాలేదు. ఎవరు ఎవరితో కలిసి ఆడతారన్నది తేలేది అప్పుడే. 2020లో స్వర్ణం గెలిచిన అమ్మాయిల జట్టునే చూడండి. స్కిప్ మెకెంజీ జకరయాస్ మానిటోబా అమ్మాయి కాగా, ఆమె పక్కన ఆడిన కార్లీ బర్జెస్‌ది నోవా స్కోషియా. ఇదే బర్జెస్ 2016లో మేరీ ఫే జట్టులో, 2018లో కెయిట్లిన్ జోన్స్ జట్టులో ఆడి అప్పటికే రెండు ప్రపంచ జూనియర్ స్వర్ణాలు గెలిచి ఉంది. మూడు జట్లు, ముగ్గురు స్కిప్‌లు, మూడు స్వర్ణాలు. సరైన జట్టులో చోటు దొరకడం ఈ ఆటలో ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు కలిసి ఆడే యువ ఒలింపిక్స్ దారి వేరు. 2016లో లిల్లెహామర్‌లో స్వర్ణం గెలిచిన కెనడా జట్టులో ఫే, బర్జెస్ నోవా స్కోషియావారైతే, టైలర్ టార్డీ, స్టెర్లింగ్ మిడిల్టన్ దేశానికి అటు చివరనున్న బ్రిటిష్ కొలంబియావారు.

మా క్లబ్ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే ఉంది. తాతముత్తాతల నాటి నుంచి కర్లింగ్ ఆడే కుటుంబాలకు ఏ పిల్ల ఖాళీగా ఉంది, ఏ కోచ్ ఏ జట్టును చూస్తున్నారు అన్నది భోజనాల బల్ల దగ్గరే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవారికి క్లబ్ చెబితే తప్ప తెలిసే మార్గం లేదు, క్లబ్ చెప్పలేదు. పోయిన సీజన్‌లో మా అమ్మాయీ, మరో ముగ్గురూ ఎలాగో జట్టు కట్టి అండర్-18 అర్హత పోటీకి సిద్ధమయ్యారు. గడువు తేదీ ఉన్న కాగితాన్ని లాకర్ గది తలుపు వెనుక అంటించి, ఈమెయిల్ మాత్రం పాత జట్ల తల్లిదండ్రులకే పంపారు. మేము ఆఫీసులో అడిగేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. పిల్లలు ఏమీ అనకుండా బూట్లు సర్దుకున్నారు. ఇంటికి వచ్చేదాకా కారులో మా అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ ఇరవై నిమిషాలు నేను మరచిపోలేను.

అయినా పిల్లలను ఈ క్లబ్‌లోనే ఉంచామంటే దానికి కారణం కోచ్. ఉద్యోగ విరమణ చేసిన ఒక బడి పంతులమ్మ జీతం తీసుకోకుండా జూనియర్లకు నేర్పుతారు. ఆవిడ దగ్గర నీలం అట్ట వేసిన చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. పెద్ద పోటీల్లో ఆటకు ముందు ప్రతి జట్టూ రెండు రాళ్లు వేస్తుంది, ఒకటి సవ్యంగా తిరిగేది, రెండోది అపసవ్యంగా తిరిగేది. గురిబిందువైన బటన్ నుంచి అవి ఆగిన దూరాలను సెంటీమీటర్లలో కొలిచి కలుపుతారు, మొత్తం తక్కువైన జట్టుకు తొలి ఎండ్‌లో (ఎండ్ అంటే ఇరు జట్లూ తమ రాళ్లన్నీ వేసే ఒక దఫా) చివరి రాయి వేసే అవకాశం దక్కుతుంది. గురి వలయమైన హౌస్ లోపల ఆగని రాయికి 199.6 సెంటీమీటర్లు రాస్తారు. పోటీ పొడవునా పోగైన ఈ దూరాల సగటే, గెలుపులు సమానమైనప్పుడు, ముఖాముఖి ఫలితంతో కూడా తేలనప్పుడు, ఎవరు ముందుకు వెళ్లాలో నిర్ణయిస్తుంది. సెలక్టర్ కుర్చీ ఎక్కడైనా ఉందంటే అది ఈ టేపు దగ్గరే ఉందని ఆవిడ అంటారు. అందుకని ప్రతి ఆదివారం చివరి పది నిమిషాలు ప్రతి పిల్ల చేతా రెండు రాళ్లు వేయించి, తానే మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలిచి, తేదీ వేసి ఆ పుస్తకంలో రాస్తారు. మా అమ్మాయి పేజీలో మొదటి ఏడాది వరుసగా 199.6లే ఉన్నాయి. ఈ మార్చిలో చివరి వారం 38, 61 అని ఉంది. ఆ అంకెలు చూపించినప్పుడు ఆవిడ పొగడలేదు, అపసవ్యం రాయికి మడమ కొంచెం త్వరగా లేస్తోందని మాత్రం చెప్పారు.

అందుచేత మంచుకు ఐదుకు ఐదు, నేర్పే తీరుకు ఐదుకు ఐదు, సమాచారం ఇచ్చే విషయంలో ఐదుకు ఒకటి ఇస్తున్నాను. వినోదం కోసం, వ్యాయామం కోసం పిల్లలను చేర్పించేవారు సందేహించనక్కరలేదు. పోటీల దాకా తీసుకువెళ్లాలనుకునేవారు మాత్రం మొదటి సీజన్ ముగిసే మార్చి నెలలోనే కోచ్‌ను కలిసి, మీ పిల్ల ఏ స్థానంలో బాగా ఆడుతుందో, ఏ జట్టులో ఖాళీ ఉందో నేరుగా అడగండి. గడువుల కోసం క్లబ్ ఈమెయిల్ మీద ఆధారపడకుండా ప్రావిన్సు సంఘం వెబ్‌సైట్ మీరే చూసుకోండి. చిన్న పోటీలకు, అంటే వారాంతాల్లో జరిగే బాన్‌స్పీల్‌లకు, పిల్లలతోపాటు వెళ్లి ఇతర క్లబ్‌ల తల్లిదండ్రులతో పరిచయం పెంచుకోండి.

మా ఫిర్యాదును లిఖితపూర్వకంగా క్లబ్ బోర్డుకు ఇచ్చాము. మే నెల మొదటి శనివారం జూనియర్ కుటుంబాలన్నిటినీ పిలిచి జట్ల కూర్పు గురించి సమావేశం పెడతామని, గడువు తేదీలు అందరికీ ఈమెయిల్‌లో పంపుతామని జవాబు వచ్చింది. గుంటూరు అన్నయ్య కొడుకుతో సహా ఆరుగురు కొత్త పిల్లల పేర్లు ఆ ఈమెయిల్ జాబితాలో చేర్పించాను.