యెల్లోస్టోన్‌లో నోరిస్ బోర్డువాక్: అంగారకుడి మీద ఆసక్తి ఉంటే తప్పక చూడాల్సిన చోటు

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (వేడినీళ్లు పైకి చిమ్మే ఊట), గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడి ఊట చూసేసరికే అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఒక రోజు గడిచిపోతుంది. వేరే గ్రహాల మీద జీవం కోసం దేన్ని వెతుకుతున్నారో కళ్లారా చూడాలనుకునేవారు మాత్రం ఇంకో పూట నోరిస్ గీజర్ బేసిన్‌కి, అంటే గీజర్లున్న లోయలో చెక్కబాట (బోర్డువాక్) మీద నడకకి, అట్టిపెట్టుకోవాలి. అందంలో గ్రాండ్ ప్రిస్మాటిక్‌దే పైచేయి, విషయంలో నోరిస్‌దే.

అయినా ముందు గ్రాండ్ ప్రిస్మాటిక్ చూడటమే మేలు. అక్కడి రంగులు చాలావరకు కిరణజన్య సంయోగక్రియతో బతికే సూక్ష్మజీవులవి, వాటిని చదవడం తేలిగ్గా పట్టుబడుతుంది. నడిమధ్య నీలం, సుమారు 87 డిగ్రీల సెల్సియస్. దాదాపు 73 దాటితే కిరణజన్య సంయోగక్రియ సాగదు. ఆ హద్దు దగ్గర పసుపు, నీరు చల్లారేకొద్దీ నారింజ, ఆపైన గోధుమ. అయితే రంగు లేనిచోట జీవం లేదనుకోకండి. 80 డిగ్రీలు దాటిన ఊటల్లోనూ సూక్ష్మజీవులున్నాయి. ఇక్కడి వేడి ఊటల్లో వాటి ముఖ్య ఇంధనం నీటిలో కరిగిన హైడ్రోజన్ అని 2005లో పరిశోధకులు చూపించారు. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ చిమ్మే ఆవిరిలో కసీని నౌక హైడ్రోజన్‌ను గుర్తించిందన్న 2017 నాటి వార్తకు అంత విలువ అందుకే. దాని మంచు పొర కింద ఎండ సోకని సముద్రంలోనూ సూక్ష్మజీవులకు తిండి ఉండొచ్చన్నమాట.

ఇక నోరిస్. ఇక్కడి నీళ్లు చాలావరకు ఆమ్లం. వర్లిగిగ్ గీజర్ కాలువలో ఎరుపు ఇనుము ఆక్సైడుది, పచ్చదనం ఆమ్లాన్ని తట్టుకునే సయనిడియం అనే శైవలానిది. అసలు సంగతి రాయి లోపలుంది. ఇక్కడి సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) రాళ్లలో, పైపొరకు కాస్త కింద, పీహెచ్ 1 ఉన్న, అంటే చాలా ఘాటైన ఆమ్లంతో నిండిన సూక్ష్మ రంధ్రాల్లో శైవలాలూ, మైకోబాక్టీరియా అనే బ్యాక్టీరియా కూడా సజీవంగా ఉన్నట్టు 2005లోనే తేలింది. ఆ సిలికాయే మెల్లగా వాటిని శిలాజాలుగా మార్చేస్తోంది. అంగారకుడి మీద సిలికా దొరికితే ఆసక్తి అందుకే. 2007లో అంగారకుడి గుసెవ్ బిలంలో నాసా స్పిరిట్ రోవర్ చెడిపోయిన చక్రాన్ని ఈడ్చుకుంటూ వెళ్తే బయటపడిన తెల్లమట్టిలో సుమారు 90 శాతం సిలికాయే! అయితే వేడి ఊటలు సిలికాను పేరుస్తాయి కదా అని, సిలికా కనబడగానే వేడి ఊట అనుకోవడానికి లేదు. ఆమ్లపు ఆవిర్లు రాయిలోని మిగతా ఖనిజాలను కరిగించేసినా సిలికాయే మిగులుతుంది. ఆ రెండు పనులూ ఒకే లోయలో జరిగే నోరిస్ ఇందుకే ప్రత్యేకం.

తెల్లవారుజామున చలికి ఆవిరి కమ్మేసి రంగులు కనబడవు. ఆలస్యమైతే పార్కింగ్ దొరకదు. కాబట్టి పొద్దున్నే చేరుకుని ముందు మైలున్నర బ్యాక్ బేసిన్ దారి నడిచి, ఎండెక్కాక ముప్పావు మైలు పోర్సలిన్ బేసిన్‌లోకి దిగండి. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీటి మెరుపు తగ్గి అడుగున ఉన్న పొరలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లే వీల్లేదు కనుక బైనాక్యులర్ తప్పనిసరి. గంధకం వాసన ఘాటుగా ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ దగ్గరుంచుకోవాలి. స్టీమ్‌బోట్ గీజర్ ఎప్పుడు చిమ్ముతుందో ఎవరూ చెప్పలేరు, దానికోసం కాచుక్కూర్చోవద్దు. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. పైపెంకు పలచన, కింద మరిగే నీళ్లు. 2016లో బోర్డువాక్ దిగి వెళ్లిన ఒక యువకుడు ఇక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నాడు.